తివాచీని తిరగేసి చూడండి

పాత పర్షియన్ తివాచీ పరిచి ఉంటే అందరి కళ్లూ ముందు నడుమ ఉన్న పతకం మీదికి, రంగుల మీదికి పోతాయి. అది ఏ ఊరిదో తేల్చాలంటే మాత్రం ఆ ముఖాన్ని నమ్మకూడదు. నమూనా ఊళ్లు తిరుగుతుంది. హెరాతీ అనే నమూనానే తీసుకోండి. నడుమ ఒక వజ్రాకారం, దాని నాలుగు వైపులా వంకీ తిరిగిన పొడుగాటి ఆకులు. ఆ ఆకులు చేపల్లా కనిపిస్తాయని ఇరాన్‌లో దీన్ని మాహీ అంటారు. మాహీ అంటే చేప. పేరేమో ఇప్పుడు అఫ్గానిస్తాన్‌లో ఉన్న హెరాత్‌ది. నేసింది మాత్రం ఇరాన్‌లోని ఫరాహాన్‌లో, బిజార్‌లో, సనందజ్‌లో, ఖొరాసాన్‌లో, తబ్రీజ్‌లో. అలాగే కాశాన్ పతకాన్ని ఖొరాసాన్‌లోని కాశ్మర్‌లో నేస్తారు, నాయిన్ నమూనాను తబస్‌లో నేస్తారు. నమూనా ఒక కాగితం, ఎవరి చేతికైనా చేరుతుంది. ముడి వేసే తీరు, అడ్డంగా పోయే పేకను లాగే బిగువు అలా కాదు. అవి పక్కన కూర్చుని నేర్చుకున్న అలవాట్లు, తరాలు గడిచినా తేలిగ్గా మారవు. అందుకే తివాచీ ఊరు దాని వీపు మీద తెలుస్తుంది.

మన చేనేత చూసినవాళ్లకు ఇందులో కొత్త మాటలు తక్కువే. నిలువు మగ్గానికి పడుగు, అంటే నిలువు పోగులు, బిగిస్తారు. రెండేసి పడుగు పోగులకు ఒక ఊలు పోగు చుట్టి, కొస కిందికి లాగి, కత్తితో తెంపుతారు. అది ఒక ముడి. ఆ వరస అంతా ముడులు పడ్డాక అడ్డంగా పేక దూర్చి, బరువైన దువ్వెనతో కిందికి కొడతారు. మళ్లీ ఇంకో వరస. పైకి లేచిన ఊలు కొసలను కత్తెరతో సమంగా కోస్తే నూగు తేలుతుంది. ముడి అంటాం గానీ నిజానికి అది మనం తాడుకు వేసే ముడి కాదు, ఒక చుట్టు మాత్రమే. దాన్ని పట్టి ఉంచేవి పేక, దువ్వెన దెబ్బ. చివర కుచ్చుల దగ్గర పేక ఊడితే వరసలకు వరసలు ముడులు జారిపోయేది ఇందుకే.

ముడులు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిదాంట్లో ఊలు పోగు రెండు పడుగుల మీదుగా పడి, రెండు కొసలూ ఆ రెండింటి నడుమ నుంచే పైకి వస్తాయి. దీన్ని టర్కీ ముడి అంటారు, రెండు వైపులా సమానంగా ఉంటుంది. రెండోది పర్షియన్ ముడి. పోగు ఒక పడుగును పూర్తిగా చుట్టి, పక్క పడుగు వెనక నుంచి పోతుంది. ఒక కొస నడుమ నుంచి, ఇంకో కొస బయటి నుంచి పైకి వస్తాయి. తీగలు, పూరేకుల సన్నటి వంపులకు ఈ రెండోది బాగా అనువు. ఇందులో నూగు ఒక పక్కకు కొద్దిగా ఒరుగుతుంది.

పేర్లలో ఒక తిరకాసు ఉంది, మొదట్లో అందరూ ఇక్కడే తడబడతారు. పర్షియన్ ముడికి వ్యాపారంలో సెన్నే ముడి అని ఇంకో పేరు. సెన్నే అంటే కుర్దిస్తాన్‌లోని సనందజ్ పాత పేరు. ఆ సనందజ్‌లో నేసేవాళ్లు వేసేది మాత్రం టర్కీ ముడే. కాబట్టి పేరు చూసి కాదు, ముడి చూసి చెప్పాలి. అదీ కష్టం కాదు. తివాచీని పేక వెంట అడ్డంగా కొద్దిగా వంచి నూగు మొదలును విడదీయండి. రెండు కొసల మొదట్లో చిన్న పట్టీలా అడ్డంగా ఊలు కనిపిస్తే టర్కీ ముడి. కొసలు విడివిడిగా, ఒకదానికే చుట్టు కనిపిస్తే పర్షియన్ ముడి. బాగా బిరుసైన తివాచీని మాత్రం ఇలా వంచొద్దు, కారణం బిజార్ దగ్గర చెబుతాను.

ముడి తెలిస్తే సగం దేశం తేలిపోతుంది. తబ్రీజ్, హెరీజ్, హమదాన్, బిజార్, సనందజ్ వైపు టర్కీ ముడి. కాశాన్, ఇస్ఫహాన్, నాయిన్, కెర్మాన్, కుమ్ వైపు పర్షియన్ ముడి. తబ్రీజ్‌లో ముడిని వేళ్లతో కాక కొన దగ్గర కొక్కెం ఉన్న కత్తితో వేస్తారు. కొక్కెం పోగును లాగుతుంది, దాని అలుగే తెంపుతుంది. వేగం అక్కడి నుంచే వస్తుంది.

మిగతా సగం పేకలో ఉంది. వీపు మీద రెండు ముడుల వరసల నడుమ ఎన్ని పేక పోగులు పోయాయో చూడండి. హమదాన్ చుట్టుపక్కల పల్లెల్లో ఒకటే పేక. అందుకే వీపు మీద పడుగు తెల్లటి చుక్కలుగా, ఒక వరస విడిచి ఒక వరసలో, గళ్ల బల్లలా కనిపిస్తుంది. సనందజ్‌లోనూ ఒకటే పేక, కానీ చాలా సన్నం. చేత్తో నిమిరితే ఇసుక కాగితంలా గరగరలాడుతుంది. మంచి పాత సనందజ్ ముక్కల్లో పడుగు పట్టుది, అదీ కొన్నిటిలో పట్టీలు పట్టీలుగా వేరు వేరు రంగుల్లో ఉంటుంది. కుచ్చుల దగ్గర ఆ రంగులు బయటపడతాయి. కాశాన్‌లో రెండు సన్నటి నూలు పేకలు, చాలావాటిలో నీలం అద్దినవి. కెర్మాన్‌లో మూడు. మొదటిదీ మూడోదీ బిగుతుగా నిటారుగా పోతాయి, నడిమిది సన్నగా పాములా మెలికలు తిరుగుతుంది. 17వ శతాబ్దపు కూజా నమూనా తివాచీలను కెర్మాన్‌వని చెప్పడానికి పండితులు ముఖ్యంగా చూపించేది ఈ మూడు పేకల అల్లికనే.

పేక బిగువు వల్ల ఇంకో సంగతి కూడా జరుగుతుంది. ఒక పేకను గట్టిగా లాగితే ఒకటి విడిచి ఒకటి పడుగులు వెనక్కి జరుగుతాయి. అప్పుడు వీపు మీద ఒక్కో ముడికి రెండు బొడిపెలు కాక ఒకటే కనిపిస్తుంది, వీపు అంతా నిలువు చాళ్లు పడినట్టు ఉంటుంది. సారూక్, బిజార్, కెర్మాన్ ఇలాంటివి. హమదాన్‌లో పడుగులు ఒకే మట్టంలో ఉంటాయి, ముడికి రెండు బొడిపెలూ పక్కపక్కనే కనిపిస్తాయి.

బిజార్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఆ నేతలోని తెలివి నాకు ఎన్నిసార్లు చూసినా తీరనిది. కుర్దుల ఊరు. మూడు పేకల్లో ఒకటి బాగా లావుది. పేకను తడిపి, ఇనుప పనిముట్టుతో ముడుల వరస మీద దంచుతారు. తడి ఆరాక ఆ వరసలు ఒకదాన్నొకటి నొక్కుకుని బిగుసుకుంటాయి. ఇనుప తివాచీ అని పేరొచ్చింది ఇందుకే. వందేళ్లు తొక్కినా నూగు నిలబడే ఉంటుంది. ఆ బిగువే దాని బలహీనత కూడా. పడుగులు ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుని కదలడానికి చోటు లేక, తివాచీని మడిస్తే ఆ మడత దగ్గర పటపటమని తెగిపోతాయి. ముందు వైపు ఏమీ తెలియదు. నెల తర్వాత అదే గీత వెంట ముడులు రాలడం మొదలవుతుంది. బిజార్‌ను ఎప్పుడూ మడవకూడదు. నూగు బయటికి ఉండేలా, లావుపాటి గొట్టానికి వదులుగా చుట్టాలి. లోపలికి చుడితే ముడులు ఒకదాన్నొకటి నొక్కుకుని పడుగు మీద ఒత్తిడి పడుతుంది.

హెరీజ్ దీనికి వేరు. లావుపాటి నూలు పడుగు, పేక, పెద్ద ముడులు, గీతలు నిటారుగా విరిగే కోణాల పతకం. దుకాణాల్లో సెరాపీ అని వినిపిస్తుంది. సెరాపీ అనే ఊరు లేదు, హెరీజ్ ప్రాంతపు పాత, మెరుగైన నేతకు వ్యాపారులు పెట్టిన పేరు అది. కష్కాయీల వంటి సంచార తెగలది ఇంకో దారి. షీరాజ్ చుట్టూ తిరిగేవాళ్ల మగ్గం నేల మీద నాలుగు మేకులకు కట్టినది. మంద కదిలితే మగ్గాన్నీ విప్పి చుట్టుకుని పోవాలి. మళ్లీ కట్టినప్పుడు బిగువు అంతకు ముందులా కుదరదు. వెడల్పు ఒక చివర 130 సెంటీమీటర్లు, ఇంకో చివర 138 ఉండటం అక్కడ లోపం కాదు, నేసిన తీరుకు గుర్తు. వాటిలో పడుగు, పేక, నూగు మూడూ ఊలే. పట్నపు తివాచీల్లో నూలు పడుగే ఎక్కువ.

యునెస్కో 2010లో షీరాజ్ ఉన్న ఫార్స్ ప్రాంతపు నేతను, కాశాన్ నేతను విడివిడిగా తన వారసత్వ జాబితాలో చేర్చింది. రెండింటినీ పక్కపక్కన పెడితే ఆ విడి లెక్క సరైనదేనని తెలుస్తుంది. కాశాన్‌లో గళ్ల కాగితం మీద గీసిన నమూనా చూసి నేస్తారు, ఫార్స్‌లో నమూనా నేసే ఆమె తలలోనే ఉంటుంది.

ఇక లెక్క. తబ్రీజ్‌లో సన్నతనాన్ని రజ్‌లో చెబుతారు. సుమారు 7 సెంటీమీటర్ల వెడల్పులో ఎన్ని ముడులో అన్ని రజ్. 50 రజ్ అంటే చదరపు మీటరుకు 5 లక్షల పైచిలుకు ముడులు. 2 మీటర్లు ఇంటూ 3 మీటర్ల తివాచీలో 30 లక్షలు. ఒక మనిషి రోజుకు 8,000 ముడులు వేస్తే 380 రోజుల పని, సెలవు లేకుండా. నాయిన్‌లో లెక్క వేరు, అక్కడ లా అంటారు. కుచ్చులోని ఒక పడుగు తాడును చివర విప్పి చూడండి. మూడు పాయలు, ఒక్కో పాయలో మూడు పోగులుంటే 9 లా. ఒక్కో పాయలో రెండుంటే 6 లా. ఇక్కడ అంకె తగ్గేకొద్దీ నేత సన్నం. 9 లా ను పెద్ద అంకె కాబట్టి మేలు అని అమ్మితే నమ్మకండి. నాయిన్‌కు ఇంత పేరున్నా అది పాత కేంద్రం కాదు. అబా అనే పైవస్త్రాల నేత పడిపోయాక, గత శతాబ్దం తొలి సగంలోనే అక్కడివాళ్లు తివాచీలకు మళ్లారు. కాబట్టి 18వ శతాబ్దపు నాయిన్ అని ఎవరైనా చూపిస్తే అక్కడే ఆగిపోవచ్చు.

ముడులు లెక్కపెట్టేటప్పుడు స్కేలు వీపు మీద పెట్టి, అడ్డం 10 సెంటీమీటర్లు, నిలువు 10 సెంటీమీటర్లు లెక్కించి గుణించాలి. తప్పు జరిగేది పడుగులు మట్టంగా ఉన్న వాటిలో. అక్కడ రెండు బొడిపెలు కలిపి ఒక ముడి. రెండూ లెక్కేస్తే అంకె రెట్టింపవుతుంది. సందేహమైతే ఒకే ముడి వెడల్పున్న సన్నటి గీతను వెతకండి. ఒకే రంగు బొడిపెలు జంటగానే నడుస్తుంటే జంటకు ఒకటి లెక్క. జుఫ్తీ అనే దొంగ ముడినీ ఇక్కడే పట్టుకోవచ్చు. రెండు పడుగులకు బదులు నాలుగింటికి ఒకే ముడి చుడతారు. పని సగం తగ్గుతుంది, ఊలూ సగమే. ఆ చోట నూగు పలచబడి ముందే అరుగుతుంది. వీపు మీద బొడిపెలు అడ్డంగా సాగినట్టు కనిపిస్తాయి. ఖొరాసాన్ వైపు ఇది మామూలు, ముఖ్యంగా ఒకే రంగు పరుచుకున్న నేలల్లో.

వయసు విషయానికి రంగులే మంచి సాక్షులు. రూనాస్ వేరు నుంచి ఎరుపు, నీలిమందు నుంచి నీలం, దానిమ్మ తొక్క, ఇస్పరక్ మొక్క నుంచి పసుపు, అక్రోటు పైతొక్క నుంచి గోధుమ. లక్క, కొచినీల్ పురుగు నుంచి నీలి ఛాయ ఉన్న ఎరుపు. రంగు పట్టడానికి ముందు ఊలును పటిక నీటిలో ఉడికిస్తారు. మన కృష్ణా తీరంలో కలంకారీకి వాడిన చిరివేరు ఎరుపు, రూనాస్ ఎరుపు దగ్గరి చుట్టాలే. రెండింటిలోనూ రంగునిచ్చేది అలిజరిన్, రెంటికీ పటికే కావాలి. నలుపు కథ కూడా అలాంటిదే. అక్కడ అక్రోటు తొక్కలో, మాచికాయల కషాయంలో ఇనుము కలిపి నలుపు తెచ్చేవాళ్లు. ఆ ఇనుము ఊలును ఏళ్ల తరబడి లోపలి నుంచి తింటూనే ఉంటుంది. అందుకే పాత తివాచీలో నల్లటి, ముదురు గోధుమ గీతల దగ్గర నూగు అరిగి గుంటలు పడి, పక్కనున్న ఎరుపూ నీలమూ ఎత్తుగా చెక్కినట్టు నిలబడతాయి. వేలితో తడిమితేనే తెలుస్తుంది. కత్తిరించి తెచ్చిన నకిలీ గుంటలు అన్నిచోట్లా ఒకే లోతులో ఉంటాయి. నిజమైనవి ఒకే గీతలో కూడా హెచ్చుతగ్గులుగా ఉంటాయి.

1856లో ఇంగ్లండ్‌లో పెర్కిన్ తొలి కృత్రిమ రంగు కనిపెట్టాక, కొన్నేళ్లకే అనిలీన్ అనే ఆ కృత్రిమ రంగులు ఇరాన్ చేరాయి. అక్కడి రాజు నాసిర్ అల్‌దీన్ షా ప్రభుత్వం నిషేధించినా రాక ఆగలేదు. వాటిని పట్టే పద్ధతి సులువు. నూగును వేళ్లతో విడదీసి మొదలు చూడండి. పైన బూడిద రంగు, మొదట్లో మెరిసే ఊదా ఉంటే అది తొలి అనిలీన్. సహజ రంగు కూడా వెలుస్తుంది గానీ పై నుంచి కిందికి మెల్లగా, అదే రంగులో తేలిపోతుంది, వేరే రంగుగా మారిపోదు. రంగు కారుతుందేమో చూడటానికి తడి తెల్ల నూలుగుడ్డను ఒక నిమిషం అదిమి పట్టండి. గుడ్డకు ఎరుపు అంటితే నీటితో ఉతకడం ప్రమాదం. 1920ల సారూక్‌లలో ఇంకో వింత కనిపిస్తుంది. ముందు వైపు ముదురు మెరూన్, వీపు మీద గులాబీ. అమెరికా కొనుగోలుదారుల అభిరుచి కోసం అక్కడికి చేరాక గులాబీ నేలను క్షారంతో వెలిసేలా చేసి, పైన కుంచెతో రంగు వేశారు. మళ్లీ మళ్లీ ఉతికితే ఆ పూత మచ్చలుగా పోతుంది. నేల రంగులో అడ్డంగా కనిపించే లేత, ముదురు చారలను మాత్రం లోపమనుకోవద్దు. ఒక రంగు ఊలు అయిపోయి, ఇంకో అద్దకపు ఊలు ఎత్తుకున్నప్పుడు వచ్చే ఆ తేడాను అబ్రాష్ అంటారు.

కొన్ని తివాచీల మీద సంవత్సరమే నేసి ఉంటుంది. ఇది హిజ్రీ చాంద్రమాన లెక్క. దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే సుమారుగా మన సంవత్సరం వస్తుంది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న అర్దబీల్ తివాచీ మీద 946 అని, మక్సూద్ కాశానీ పేరు ఉన్నాయి. లెక్క వేస్తే 1539-40. అయితే ఇరాన్ 1925లో సౌరమానానికి మారింది. ఆ తర్వాతి అంకెలకు 621 కలిపితే చాలు. అంటే 1310 అని ఉంటే చాంద్రమానంలో 1892-93, సౌరమానంలో 1931. దాదాపు 40 ఏళ్ల తేడా. ఏదో తేల్చేది మళ్లీ రంగులూ నేతే. మోసమూ జరుగుతుంది. పర్షియన్ అంకెల్లో 3కు మూడు పళ్లు, 2కు రెండు. 1322లోని 3 నుంచి ఒక పన్ను ముడులు పీకి నేల రంగు ముడులు వేస్తే 1222 అవుతుంది, తివాచీ నూరేళ్లు పెరుగుతుంది. భూతద్దంతో వీపు మీద ఆ చోటే చూడండి. కొత్త ఊలు మెరుపు, బొడిపెల బిగువు పక్కవాటితో కలవవు.

మన వైపు ఇళ్లలో పాత తివాచీలకు పట్టే జబ్బులు ముఖ్యంగా మూడు: తేమ, చిమ్మెట, ఉతుకు. తివాచీ మీద పూలకుండీ పెడితే అడుగున చెమ్మ నిలిచి నూలు పడుగు కుళ్లుతుంది. పైన నూగు బాగానే ఉంటుంది. ఆ చోట రెండు చేతులతో పట్టి చెవి దగ్గర నెమ్మదిగా వంచితే ఎండు పుల్లలు విరిగిన చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వచ్చిన తివాచీని ఉతకడానికి ఇవ్వకూడదు, నీటి బరువుకే చిరిగిపోతుంది. చిమ్మెట పురుగు ఊలునే తింటుంది, నూలు జోలికి పోదు. మంచం కింద, బీరువా కింద, కదలని చీకట్లో ఉంటుంది. వీపు వైపు బొడిపెలు తినేసినా నూగు కొన్నాళ్లు అలాగే నిలబడుతుంది, చీపురు తగిలిన రోజు గుప్పెళ్లుగా లేచి వస్తుంది. బయట నాలుగు కలరా ఉండలు వేస్తే ఈ పురుగు చావదు. చిన్న ముక్కైతే పాలిథిన్‌లో గాలి చొరకుండా చుట్టి, మైనస్ 18 నుంచి 20 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాలి. పెద్దవాటిని వీపు పైకి చేసి దులిపి, రెండు వైపులా వాక్యూమ్ పట్టాలి. తిరిగే బ్రష్ తీసేసి, నూగు వాలిన దిక్కుకే పట్టాలి, కుచ్చుల మీద అసలు పెట్టకూడదు. ఉతకాల్సి వస్తే చల్లటి నీళ్లు, గాఢత లేని సబ్బు. బ్లీచింగ్ నీళ్లు తగిలితే ఊలు పొలుసు పోయి మెరుస్తుంది, ఆ మెరుపు చూసి మురిసేలోగా పెళుసవుతుంది. ఉతికాక చదునుగా పరిచే ఆరబెట్టాలి. తీగ మీద వేలాడదీస్తే ఆకారం వంకర పోతుంది.

కుచ్చులు పడుగు కొసలే తప్ప తర్వాత కుట్టినవి కావు. విడిగా కుట్టిన కుచ్చు కనిపిస్తే చివర కొన్ని వరసలు పోయాయని అర్థం. నాలుగు వైపులా అంచు పట్టీలు సమానంగా ఉన్నాయో లేదో కూడా చూడండి. ఒకవైపు బయటి సన్నపట్టీ లేకపోతే పాడైన భాగాన్ని కోసి తీసేశారు. ఇవి ఉన్నంత మాత్రాన తివాచీ వదులుకోదగ్గది కాదు, ధరలో మాత్రం లెక్క ఉండాలి. పట్టు అని చెప్పిన కుమ్ తివాచీకి ఒక్క కుచ్చు పోగు కాల్చి చూపించమనండి. పట్టు వెంట్రుక కాలిన వాసనతో నల్లటి పెళుసు పూసవుతుంది. కృత్రిమ పట్టు, నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిద మిగులుస్తాయి.

దగ్గరలో చూడాలనుకునేవాళ్లకు హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో పర్షియన్ తివాచీలున్నాయి. మన దగ్గర ఏలూరు తివాచీలు కూడా ముడి నేతే, వాటి మూలం పర్షియా అని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఓరుగల్లు తివాచీలు 1851 లండన్ మహాప్రదర్శనకు వెళ్లాయి. ఇప్పుడు వరంగల్ పేరుతో అమ్మే దరీలు వేరు, వాటిలో ముడి లేదు, పడుగూ పేకే.

విదేశాల్లో ఉన్న పిల్లలకు ఇంట్లోని పాత తివాచీ పంపాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన వస్తువును ఎవరంతట వారు దేశం దాటించకూడదు. అంత వయసు లేనిదైతే పురావస్తువు కాదని పురావస్తు శాఖ నుంచి పత్రం తీసుకుని పంపడం మేలు. అమెరికాకైతే ఇంకో అడ్డంకి ఉంది. ఇరాన్ తివాచీల దిగుమతిపై నిషేధాన్ని 2016లో ఎత్తేసి, 2018లో మళ్లీ పెట్టారు. పంపే ముందు అప్పటి నిబంధన చూసుకోవాలి. ఆ లోపు తివాచీని నూలుగుడ్డలో చుట్టి, గోడకు ఆనించకుండా, నేలకు అంగుళం ఎత్తులో అడ్డంగా పెట్టండి. మూడు నెలలకోసారి విప్పి వీపు చూడండి.